లాల్చీ జేబులోని చీటీ గారికి

మహారాజశ్రీ చీటీ గారికి,

నమస్కారాలు. నిన్న బందరు రోడ్డు పక్క హాల్లో నాలుగింటికన్న సభ ఆరున్నరకు మొదలైంది. అంతసేపూ మజ్జిగ ప్యాకెట్లతో సరిపెట్టుకున్న జనం ముందు తమరు నాయకుడి గారి జేబులోంచి వేంచేసి, "దేశమంటే మట్టికాదోయ్, దేశమంటే మనుషులోయ్" అనిపించారు. ఆ వెంటనే చుట్టుపక్కల సెంటు ఎంత పలుకుతోందో చెప్పించారు. చప్పట్లు దానికి పడ్డాయి.

తమరి పుట్టుపూర్వోత్తరాలు తెలియనివి కావు. రాత్రి పదకొండింటికి పీఏ ఫోన్ తీస్తాడు. ఎవరో పంపిన గులాబీ పువ్వు బొమ్మ మీద రెండు పాదాలుంటాయి. అవే పెద్దక్షరాల్లో తమరి మీదికి ఎక్కుతాయి, అవే ఫ్లెక్సీ షాపుకూ వెళ్తాయి. పన్నెండడుగుల ఫ్లెక్సీలో తొమ్మిదడుగులు ఫొటోలకే పోతే, మిగిలిన జాగాలో అంతకుమించి పట్టదు మరి. కానీ గురజాడ ఆ చరణానికి రాసింది నాలుగు పాదాలు. పై రెండూ ఇవి: "సొంత లాభం కొంత మానుకు, పొరుగువాడికి తోడుపడవోయ్." సరిగ్గా అవి ఉండాల్సిన చోట నాయకుడి గారి శాలువా ఉంది.

ఆ గీతం 1910 నాటిది. 1913లో కృష్ణా పత్రికలో అచ్చయింది, అంటే బందరులో. నిన్న మైకు పెట్టిన రోడ్డు నేరుగా వెళ్లేది ఆ ఊరికే. "దేశమును ప్రేమించుమన్నా" అని ఎత్తుకున్న మొదటి చరణంలోనే "వట్టి మాటలు కట్టిపెట్టోయ్, గట్టి మేల్ తలపెట్టవోయ్" అనేస్తుంది. గంటన్నర ఉపన్యాసంలో ఆ ముక్క చదవడం కష్టమే, ఒప్పుకుంటాం. మరి "దేశాభిమానం నాకు కద్దని వట్టి గొప్పలు చెప్పుకోకోయ్" ఏమైంది? దాన్నెవడు మింగాడు? ఆ "ఓయ్" ఎవర్ననుకున్నావు? మజ్జిగ తాగే జనాన్నా? నిన్ను జేబులో పెట్టుకు తిరిగే పెద్దమనిషినే!

అంతకుముందు సభలో "వినదగు నెవ్వరు చెప్పిన" అని చదివించి, కాబట్టి నా మాట వినండి అనిపించావు. తర్వాతి పాదం "వినినంతనె వేగపడక వివరింపదగున్". కల్లో నిజమో తేల్చుకోమంటోంది పద్యం. హామీల సభలో దీన్ని చదవడమంటే, దొంగే ఇంటివాళ్ల చేతికి టార్చిలైటు అందించడం.

ఇక "వసుధైవ కుటుంబకం". హితోపదేశంలో ఆ శ్లోకం చదివేది లేడి మాంసం మీద కన్నేసిన నక్క. ముక్కూమొహం తెలియనివాణ్ణి నమ్మొద్దని కాకి మొత్తుకుంటుంటే, నక్క ఇది చదివి స్నేహం కలుపుతుంది. తర్వాత లేడి వలలో పడుతుంది. పార్టీ మారినవాళ్లకు కండువాలు కప్పుతూ దీన్ని చదివించావు చూడు, అర్థం తెలిసి చేసినట్టున్న పని అదొక్కటే.

రెండు పాదాలకు ఫ్లెక్సీ మీద అరడుగు చాలు. శాలువా కాస్త కత్తిరించమను. అదీ కుదరదంటే, నీ వెనకవైపు ఖాళీగానే ఉందిగా.

ఇట్లు,
వెనక వరుస కుర్చీలు