సాక్ష్యం ఎప్పుడు చెబుతారు?

నాలుగేళ్ల పిల్లాడికి బ్లడ్ కాన్సర్ అని తేలిన వారంలోనే మా చెల్లెలికి ఒక ఫోన్ వచ్చింది. చేసినావిడ మంచి మనిషే. ఏడ్చింది, ఓదార్చింది, ఫోన్‌లోనే ప్రార్థన చేసింది. పెట్టేసే ముందు మాత్రం మెల్లిగా అడిగింది: "ఇంట్లో కుటుంబ ప్రార్థన రోజూ జరుగుతోందా అమ్మా?"

జరుగుతోందనే చెప్పింది మా చెల్లెలు. ఆ రాత్రంతా ఏ ఆదివారం చర్చి మానేశామా, ఏ నెల దశమభాగం ఎగ్గొట్టామా అని లెక్కలు వేసుకుంటూ కూర్చుంది.

చెల్లెలు, బావ ఇద్దరూ సరే అన్నాకే ఇది రాస్తున్నాను. మాది గుంటూరు లూథరన్ కుటుంబం. ఇక్కడ డాలస్ దగ్గర ఒక తెలుగు సంఘానికి వెళ్తాం. మన సంఘాల్లో ఒక అలవాటుంది: పిల్లాడి రక్తపరీక్ష రిపోర్టు చూసి తల్లిదండ్రుల విశ్వాసానికి మార్కులు వేస్తాం. రిపోర్టు బాగుంటే విశ్వాసం గొప్పది, బాగా లేకపోతే ఎక్కడో లోపముంది. ఈ అలవాటు మానుకోవాలి అన్నదే నేను చెప్పదలచుకున్నది.

జబ్బు పేరు అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా. పిల్లలకొచ్చే కాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. వాడు కాళ్లు నొప్పులంటే ఎదిగే వయసు కదా అనుకున్నారు. మోకాళ్ల కింద కమిలిన మచ్చలు చూసి ఆటల్లో తగిలించుకున్నాడనుకున్నారు. జ్వరం ఎంతకీ తగ్గకపోతే రక్తపరీక్ష చేయించారు, అదే రాత్రి ఆసుపత్రిలో చేర్చుకున్నారు. డాక్టరమ్మ అన్నిటికంటే ముందు చెప్పిన మాట ఒకటి: ఇది మీరు చేసినదాని వల్ల గానీ, చేయనిదాని వల్ల గానీ రాలేదు. ఈ దేశంలో ఈ జబ్బొచ్చిన పిల్లల్లో నూటికి 90 మంది దాకా బతికి బట్టకడుతున్నారని కూడా చెప్పింది. కన్నవాళ్లకు మిగిలిన 10 మందే వినపడతారు, అది వేరే సంగతి.

ఆవిడది ఏ మతమో మాకు తెలియదు. కానీ యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో ప్రభువు చెప్పిన జవాబే ఆవిడ నోట వచ్చింది. పుట్టుగుడ్డివాణ్ని చూపించి, ఎవరు చేసిన పాపం, వీడిదా, వీడి కన్నవాళ్లదా అని శిష్యులు అడిగితే, వీడూ కాదు, కన్నవాళ్లూ కాదు అన్నాడాయన. ఈ అధ్యాయం మీద మన దగ్గర ప్రసంగాలకు కొదవ లేదు. ఫోన్ తీసేసరికి మర్చిపోతాం. ఆ మాటకొస్తే తప్పు వెతికే ఈ అలవాటు మన క్రైస్తవులకే లేదు. పూర్వజన్మ కర్మ అన్నవాళ్లున్నారు, ఇంటి వాస్తు ఓసారి చూపించండి అన్నవాళ్లూ ఉన్నారు.

అసలు ప్రమాదం నెల తిరిగాక వచ్చింది. మొదటి విడత కీమో పూర్తయ్యాక మూలుగ పరీక్ష చేస్తే కాన్సర్ కణాలు కనిపించలేదు. రెమిషన్ అన్నారు, అంటే జబ్బు పరీక్షకు కనపడనంతగా తగ్గడం. వాట్సాప్ గ్రూపు హల్లెలూయాలతో నిండిపోయింది, నేనూ ఒకటి పెట్టాను. మర్నాడు ఇండియా నుంచి ఒక దైవసేవకుడు ఫోన్ చేసి, "దేవుడు స్వస్థపరిచేశాడమ్మా, ఇంకా ఆ విషం పసివాడికి ఎందుకు ఎక్కిస్తారు? విశ్వాసంతో ఆపేయండి" అన్నాడు. ఇంకా రెండేళ్లకు పైగా కీమో ఉందని తెలిసిన తల్లికి ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో ఊహించండి.

అప్పుడే ఆపితే ఏమవుతుందో దాదాపు ఎనభై ఏళ్ల కిందటే తెలిసింది. ఆ కథలో మన తెలుగువాడి చెయ్యీ ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ లేబొరేటరీస్‌లో పరిశోధనలు నడిపేవారు. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ల్యుకేమియా పిల్లలకు ఇచ్చి చూశాడు. 1948లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆశ వదులుకున్న పిల్లల్లో కొందరు కోలుకున్నారు. ఆ సంతోషం నెలల ముచ్చటే అయింది, జబ్బు తిరగబెట్టింది. ఒక్క మందుకు ఇది లొంగదని, పరీక్షలో కనపడని కణాలు లోపల మిగిలే ఉంటాయని అక్కణ్నుంచి ఒక్కో మెట్టూ నేర్చుకుంటూ వచ్చారు. ఇవాళ్టి రెండేళ్ల పైచిలుకు చికిత్సకు మూలం అదే. సుబ్బారావు గారు ఆ 1948లోనే కన్నుమూశారు. అమినోప్టెరిన్ కోవకే చెందిన మెథోట్రెక్సేట్ ఇప్పుడు మా వాడి వెన్నులోకి సూదితో ఎక్కుతోంది. ఆ దైవసేవకుడి మాట మా బావ వినలేదు కాబట్టి సరిపోయింది. మన ఊళ్లలో అప్పోసప్పో చేసి ఆసుపత్రి చుట్టూ తిరిగే కుటుంబం వింటే? అక్కడ చికిత్స మధ్యలో వదిలేయడం వల్లే ఎంతోమంది పిల్లలు పోతున్నారు. డబ్బు, దూరం, అలసట అప్పటికే వెనక్కి లాగుతుంటాయి. పైనుంచి దేవుడి పేరు కూడా కలిస్తే ఇంకెవరు ఆపగలరు?

మా అమ్మ పుట్టింది గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో. అన్నా కుగ్లర్ అనే అమెరికన్ లూథరన్ డాక్టరమ్మ 1883లో గుంటూరు వచ్చి, 1898 నాటికి ఆ ఆసుపత్రిని నిలబెట్టింది. మన తాతముత్తాతలకు సువార్త తెచ్చినవాళ్లే స్టెతస్కోపూ తెచ్చారు. మందు మింగితే విశ్వాసం తక్కువైనట్టే అన్న బోధ మధ్యలో ఎక్కడ చొరబడిందో గానీ, మా అమ్మకు మాత్రం అది ఎక్కలేదు. మనవడికి ఎక్కిస్తున్న విన్‌క్రిస్టిన్ మొదట బిళ్ళగన్నేరు మొక్క నుంచి తీశారని నర్సు చెబితే, "మన పెరట్లో పీకి పారేసేవాళ్లం కదరా" అని నా వైపు చూసి, ఆ రోజు ప్రార్థనలో బిళ్ళగన్నేరుకు కూడా స్తోత్రం చెప్పింది.

వాడి రాత్రి మందు మెర్కాప్టోప్యూరిన్. చెల్లెలు గ్లౌజులు తొడుక్కుని, కట్టర్‌లో మాత్రను సగానికి కోస్తుంది. వాడు కళ్లు గట్టిగా మూసుకుని తనే ప్రార్థన చేస్తాడు: "యేసయ్యా, ఇది కక్కకుండా చూడు. రేపు పోర్ట్‌కి సూది గుచ్చితే నొప్పెయ్యకుండా చూడు. ఆమెన్." పోర్ట్ అంటే మందులు ఎక్కించడానికి ఛాతీ దగ్గర చర్మం కింద అమర్చిన చిన్న పరికరం. కొన్ని రాత్రులు కక్కేవాడు. మర్నాడు మళ్లీ అదే ప్రార్థన, ఒక్క మాట మారకుండా. నేను విన్న ప్రసంగాలన్నీ కలిపినా విశ్వాసం గురించి నాకు ఇంత అర్థం కాలేదు.

రోగాలతో పోరాడే తెల్లకణాలు బాగా పడిపోయిన వారంలో చేతులుంచి ప్రార్థిస్తామని ఇంటికి పెద్ద గుంపే వచ్చింది. ఒకరిద్దరు దగ్గుతున్నారు. అలాంటప్పుడు జ్వరం 100.4 డిగ్రీలు తాకిందంటే అర్ధరాత్రైనా ఎమర్జెన్సీకి పరుగెత్తాలి, వెంటనే యాంటీబయోటిక్ పడాలి. చెల్లెలు తలుపు దగ్గరే ఆపేసి, ఏమీ అనుకోవద్దని బతిమాలింది. "ప్రార్థన చేస్తే జబ్బొస్తుందా అమ్మా?" అన్నాడొక పెద్దాయన. మా పాస్టరు అయ్యగారే సర్దిచెప్పి అందరినీ డ్రైవ్‌వేలో నిలబెట్టి పాట పాడించారు. పక్కింటి గుజరాతీ ఆయన కూడా బయటికొచ్చి చివరిదాకా నిలబడ్డాడు.

ఇక స్టెరాయిడ్ రోజులు. మొహం ఉబ్బిపోయి, అర్ధరాత్రి లేచి ముద్దపప్పు అన్నం కావాలని ఏడుపు, తెచ్చేలోగా వద్దని విసిరికొట్టడం. పిల్లాడి తప్పు లేదు, మందు అలాంటిది. ఆ రోజుల్లో చెల్లెలికి ప్రార్థన వచ్చేది కాదు. బాత్రూమ్‌లో తలుపేసుకుని "ఇంకా ఎన్నాళ్లు?" అని దేవుడి మీద అరిచేది. తర్వాత భయపడేది, ఈ మాట వల్ల వాడికేమైనా అవుతుందేమోనని. ఆ భయం ఆమెకు బైబిల్ నేర్పలేదు, మనం నేర్పాం. బైబిల్లో కీర్తనల గ్రంథం నిండా ఇలాంటి అరుపులే. 88వ కీర్తన అయితే ఒక్క ఆశాకిరణం లేకుండా చీకటి దగ్గరే ఆగిపోతుంది. ఆరాధనలో దాన్ని ఎవరైనా చదవగా మీరు ఎప్పుడైనా విన్నారా? నేను వినలేదు.

చికిత్స సగంలో ఉండగానే మొదలైంది, "సాక్ష్యం ఎప్పుడు చెబుతారు?" అని అడగడం. దేవుడు చేసిన మేలును సంఘం ముందు నిలబడి చెప్పడాన్నే మేము సాక్ష్యం అంటాం. ఆసుపత్రిలో మా పక్క గదిలో ఒక పాప ఉండేది, అదే జబ్బు. వాళ్లూ తెలుగువాళ్లే, వాళ్లూ ప్రభువును నమ్మినవాళ్లే. ఉపవాసాల్లోనూ కన్నీళ్లలోనూ మాకంటే ఒక మెట్టు పైనే. పాపకు జబ్బు తిరగబెట్టింది, దక్కలేదు. మా ప్రార్థన కూటానికి వాళ్లు అప్పుడప్పుడు వస్తుంటారు. ఆ తల్లి మూడో వరసలో కూర్చుని ఉండగా మేము మైకు పట్టుకుని "మా విశ్వాసాన్ని బట్టి దేవుడు మా బాబును బాగుచేశాడు" అంటే, ఆమె ఇంటికి ఏం మోసుకెళ్లాలి? దావీదు రాజు బిడ్డ కోసం ఏడు రోజులు నేల మీద పడి ఉపవాసమున్నాడు. బిడ్డ చనిపోయాడు. ఆయన ప్రార్థనలో పస తగ్గిందని ఆ పుస్తకంలో ఒక్క మాట లేదు.

బాగైనందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పొద్దని నేననను. మేమూ చెప్పుకుంటాం. ఆ బాగుపడటాన్ని మన విశ్వాసానికి వచ్చిన జీతంలా చెప్పుకోవడం దగ్గరే నా పేచీ. కిందటి నెల కూటంలో అయ్యగారు పిలిస్తే చెల్లెలు లేచి, మాకు ఇంకా మందులు మిగిలి ఉన్నాయని, రాత్రుళ్లు భయమేస్తుందని, పాప అమ్మానాన్నల కోసం ప్రార్థించమని చెప్పి కూర్చుంది. చప్పగా ఉందని ఎవరో అన్నారట. ఆ మధ్యకాలంలో నేను విన్న సాక్ష్యాల్లో ఒక్క గొప్పా చెప్పుకోనిది అదొక్కటే.

ఈ పత్రిక చదివే అందరికీ, ఏ గుడికి వెళ్లేవాళ్లైనా సరే, పనికొచ్చేది ఒకటుంది. కీమో పిల్లలకు ప్లేట్‌లెట్లు తరచుగా కావాలి. అవి వారానికి మించి నిల్వ ఉండవు, కాబట్టి దాతలు ఏడాది పొడవునా కావాల్సిందే. జబ్బు తిరగబెట్టిన పిల్లల్లో కొందరికి మూలుగ మార్పిడి తప్పదు. సరిపోయే మూలుగ ఎక్కువగా మన మూలాలున్నవాళ్ల దగ్గరే దొరుకుతుంది, మూలుగ దాతల పేర్లు రాసుకునే రిజిస్ట్రీల్లో చూస్తే మనవాళ్ల పేర్లు తక్కువ. పేరు నమోదుకు బుగ్గ లోపల దూది పుల్లతో రాసి ఇస్తే చాలు. ఉగాదికీ, దీపావళికీ, క్రిస్మస్‌కీ మన అసోసియేషన్ పెట్టే చీరల స్టాళ్ల పక్కన దీనికో బల్ల వేయమని కార్యవర్గాన్ని అడిగాను. చూద్దాం అన్నారు. మా అయ్యగారు చూద్దాం అనలేదు, వచ్చే ఆదివారమే చర్చి వసారాలో వేస్తున్నారు. కుర్రాళ్లు వస్తే మేలు, పెద్దవాళ్లు ప్లేట్‌లెట్ల జాబితాలో పేరు రాసి వెళ్లొచ్చు. దగ్గున్నవాళ్లు ఇంకోవారం రండి.