పుస్తకాల బీరువా జోలికి పోకండి

సంక్రాంతి వస్తోందంటే మనవాళ్లకి ఇల్లు దులిపే జ్వరం పట్టుకుంటుంది. అటకలు దులపండి, పరుపులు ఎండేయండి, భోగి మంటలోకి విరిగిన కుర్చీలు, చిల్లులు పడ్డ చాటలు వెతుక్కోండి, ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ ఆ ఊపులో కొందరు పుస్తకాల బీరువా మీద కూడా చెయ్యి వేస్తున్నారని తెలుస్తోంది. ఇది చాలా ప్రమాదకరమైన ధోరణి. ప్రభుత్వాలు వెంటనే జోక్యం చేసుకోవాలని నా అభిప్రాయం.

ముందు మన ఘనత ఏమిటో గుర్తు చేసుకుందాం. చిరిగిన చొక్కా తొడుక్కో, మంచి పుస్తకం కొనుక్కో అన్నది కందుకూరి వారి మాటగా బడి గోడల మీద చదువుకుంటూ పెరిగిన జాతి మనది. జాగ్రత్తగా గమనించండి, కొనుక్కోమన్నారు, అక్కడితో ఆపారు. మనం అక్షరాలా పాటించాం. డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్, అది అయీ అవకముందే విజయవాడ పుస్తక మహోత్సవం, రెండు చేతుల్లో సంచులు, ఒక సెల్ఫీ, ఇంటికి రాగానే బీరువాలో పెట్టి తాళం. ఆ తాళంచెవి ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ గుర్తుండకపోవడం సంప్రదాయం. రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయ శాస్త్రానికి పంచ సూత్రాలు రాస్తూ, పుస్తకాలున్నది వాడుకోవడానికే అని మొట్టమొదటి సూత్రం పెట్టారు. ఐరోపాలో ఒకప్పుడు పుస్తకాల్ని గొలుసులతో కట్టేసేవాళ్లట, అదీ ఆయన బాధ. మనకి గొలుసులతో పనే పడలేదు, గాజు తలుపులు సరిపోయాయి. ఇక ఊళ్లో లైబ్రరీ అంటారా, 1960 నాటి చట్టం ప్రకారం ఆస్తి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నాం కదా, అటువైపు వెళ్లకుండా ఉండే హక్కుని డబ్బిచ్చి కొనుక్కున్నట్టే.

ఇంత పద్ధతిగా నడుస్తున్న వ్యవస్థని సర్దుడు పేరుతో చెడగొడుతున్నారు.

ఈ సర్దుడు విద్యకి లోకప్రసిద్ధి తెచ్చిన జపాన్ నిపుణురాలు మారీ కొండో గారు కూడా ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టారు. పుస్తకాలన్నీ కింద పడేసి, ఒక్కోటీ చేతిలోకి తీసుకుని, మనసుకి ఆనందంగా అనిపిస్తే ఉంచుకోమంటారు ఆవిడ. కానీ ఒక షరతు పెట్టారు: తెరిచి చదవడం మొదలుపెట్టకూడదు. ఎంత అనుభవం ఉంటే ఆ ముక్క చెప్పి ఉంటారు! మనవాళ్లు మొదటి సగం విని రెండో సగం వదిలేస్తారు. చేతిలోకి తీసుకుంటారు, దుమ్ము దులుపుతారు, ఇది ఎవరిచ్చారబ్బా అని మొదటి పేజీ తిప్పుతారు. ఆ తర్వాత మనిషి మనకి దక్కడు.

లక్షణాలు చెప్తాను, ఇంట్లో వాళ్లు కనిపెట్టి ఉండండి. రోగి నిలబడి మొదలుపెడతాడు, పావుగంటలో బీరువాకి ఆనుకుని కింద కూలబడతాడు. ఒక కాలు తిమ్మిరెక్కినా తెలీదు. టీ మీగడ కట్టి చల్లారిపోతుంది. "ఏమండీ, అయిందా?" అని వంటింట్లోంచి కేకేస్తే "ఆఁ, అయిపోవచ్చింది" అంటాడు, అయిపోవచ్చింది బీరువా కాదు, అధ్యాయం. అన్నిటికన్నా భయంకరమైన లక్షణం, ఫోన్ పక్క గదిలో ఛార్జింగ్‌లో ఉందన్న సంగతే గుర్తుకు రాదు. రోజుకి 2 జీబీ డేటా అలా మురిగిపోతుంటే దేశ ఆర్థిక వ్యవస్థ ఏమవ్వాలి?

మధ్యతరగతి తెలుగు బీరువా భౌగోళికం తెలిస్తే ప్రమాదం ఎక్కడెక్కడ పొంచి ఉందో అర్థమవుతుంది. ముందు వరసలో గీతా ప్రెస్ వాళ్లవి, ఎవరి షష్టిపూర్తిలోనో తాంబూలంతో పాటు పంచిన స్తోత్రాలు, ఒక నిఘంటువు. ఇది చుట్టాలకి చూపించే వరస. దాని వెనక వరసలో, కలరా ఉండల మధ్య, ఇంటి అసలు చరిత్ర ఉంటుంది: డిటెక్టివ్ పాకెట్ నవలలు, ఏదో శాఖా గ్రంథాలయం ముద్ర ఉండి ఆ గ్రంథాలయానికి మాత్రం తిరిగి వెళ్లనివి, మాస్కో నుంచి ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల వాళ్లు తెలుగులో అచ్చేసి పంపగా విశాలాంధ్రలో చవగ్గా కొన్నవి. 1991లో ఆ సోవియట్ దేశమే పోయింది, బైండింగ్ మాత్రం చెక్కుచెదరలేదు. బరువు మీద తూకానికి బాగా పలుకుతాయి కదా అని వాటిని తీసినవాళ్లు, మంచులో గుర్రబ్బండి వెళ్తున్న పేజీ దగ్గర ఇరుక్కుపోయి, మే నెల ఎండలో కూడా వణుకుతూ కనిపించే అవకాశం ఉంది.

అయితే వీటన్నిటికన్నా డేంజరు బైండు చేయించిన సీరియళ్లు. వెనకటికి వారపత్రికల్లో సీరియల్ వస్తుంటే ఇంటి ఆడవాళ్లు వారం వారం ఆ పేజీలు జాగ్రత్తగా చింపి దాచి, అన్నీ అయ్యాక ప్రెస్సు వీధిలో ఇచ్చి కాలికో అట్ట వేయించేవాళ్లు. అందులో కథ ఒక్కటే ఉండదు. చింపిన కాయితం కాబట్టి వెనకవైపు పంటి పొడి ప్రకటన, సగం వంకాయ కూర, ఎవరిదో పాఠకుల ప్రశ్న ఉంటుంది, జవాబు ఉండదు. ఇవన్నీ చదవకుండా ముందుకి పోలేడు మనిషి. పైగా ఇలాంటి ప్రతి పుస్తకంలోనూ ఒక వారం తప్పిపోయి ఉంటుంది, ఆ వారం ఇంటిల్లిపాదీ తిరుపతి వెళ్లుంటారు. తప్పింది ఆఖరి వారమే అయితే ఇక చెప్పక్కర్లేదు. మా ఎదురింటాయన, బాధ్యత గల ఇంజనీరు, బాత్రూమ్‌లో పంపు కారుతున్నా పట్టించుకోని మనిషి, ఇలాగే చిక్కుకుని రాత్రి తొమ్మిదింటికి తెనాలి ఫోన్ చేశాడు.

"పెద్దమ్మా, ఆ డాక్టరమ్మాయి చివరికి ఎవర్ని చేసుకుందో గుర్తుందా?"

"రెండేళ్లయింది నువ్వు ఫోన్ చేసి. మోకాళ్లెలా ఉన్నాయని అడగవు గానీ, దాని పెళ్లి సంగతి నీకెందుకురా ఇప్పుడు?"

అన్నదే గానీ ఆవిడ చెప్పింది. ముప్పావుగంట చెప్పింది, బొమ్మలతో సహా వర్ణించింది, ఆ వారం పత్రిక కోసం బస్టాండు దాకా నడిచి వెళ్లిన సంగతీ, మీ పెదనాన్న అది ముందు తనకే కావాలని లాక్కున్న సంగతీ కూడా కలిపింది. దీనివల్ల ఎదురింటాయన వెబ్ సిరీస్ రెండు ఎపిసోడ్లు నష్టపోయాడు, పెద్దమ్మ టీవీ సీరియల్ పోగొట్టుకుంది. ఇప్పుడు వారానికోసారి ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. ఇంతకంటే ఏం రుజువు కావాలి?

పోనీ చదవకుండానే వదిలించుకుందామంటే దారి ఉందా? లైబ్రరీకి ఇస్తామంటే చోటు లేదంటారు. చుట్టాలకి ఇస్తామంటే మా దగ్గరా ఇవే ఉన్నాయంటారు. పాత పేపర్లవాడికి తూకానికి వేద్దామంటే, కట్ట కట్టేటప్పుడు పై పుస్తకం అట్ట మీద అమ్మ చేతిరాత కనిపిస్తుంది, కట్ట విప్పేస్తారు. అతనికీ అలవాటే, కాసేపు గుమ్మంలో కూర్చుని మంచినీళ్లు తాగి న్యూస్‌పేపర్లు మాత్రం పట్టుకెళ్తాడు. రోగం పిల్లలకీ పాకుతోంది. నాన్న నేల మీద కూర్చుని ఒక్కడే నవ్వుతుంటే ఏమైందోనని చూడ్డానికి వచ్చిన పిల్ల, బొమ్మల కోసం చందమామ తీసి, అక్షరాలు కూడబలుక్కుని మరీ బేతాళుడు మళ్లీ చెట్టెక్కేదాకా లేవలేదంటే ఇంగ్లిష్ మీడియం ఫీజులు కట్టి ఏం లాభం?

అయినా సర్దే తీరతాం అనేవాళ్లకి ఒకే మాట. బీరువాలో పై అరలో, సరిగ్గా కళ్లెదురుగా, ఉదయం ఐదింటికి లేవడం ఎలా, కోటీశ్వరులు కావడం ఎలా, నలుగురిలో మాట్లాడడం ఎలా అని మెరిసే అట్టలతో కొన్ని ఉంటాయి, పదకొండో పేజీలో బస్సు టికెట్టు పెట్టి ఉంటుంది. వాటిని నిర్భయంగా తియ్యండి, తుడవండి, రంగుల వారీగా పేర్చండి. ఎంతసేపు చేతిలో పట్టుకున్నా ఏమీ కాదు.