ఫ్లైఓవర్ అవతలి బెజవాడ

విజయవాడలో సింగ్‌నగర్ ఫ్లైఓవర్‌ను దాటడానికి రెండు మూడు నిమిషాలు చాలు. కింద రైలు పట్టాలు, ఇవతల సత్యనారాయణపురం వైపు పాత బెజవాడ, అవతల దిగితే అజిత్‌సింగ్‌నగర్. కాగితాల మీద తప్ప ఆ పూర్తి పేరు ఎవరి నోటా వినిపించదు. ఆటోవాలాకైనా, అద్దె ఇల్లు వెతుక్కునేవారికైనా అది సింగ్‌నగరే. లూనా సెంటర్, డాబాకొట్ల సెంటర్, పైపుల రోడ్డు, ప్రకాష్‌నగర్, పాయకాపురం, కండ్రిక, వాంబే కాలనీ, కొత్త రాజరాజేశ్వరీపేట అన్నీ కలిస్తే ఒక పట్టణమంత. అయినా ఫ్లైఓవర్‌కు ఇవతల ఉన్న చాలామందికి ఆ ఊరు తెలిసింది 2024 సెప్టెంబరు 1న, బుడమేరు వాగు దాన్ని ముంచినప్పుడు. ఆ వారమంతా నగరానికి ఈ ఫ్లైఓవరే ఒడ్డు అయింది. పడవలు అక్కడి నుంచే బయలుదేరాయి, మెడలోతు నీటిలో ఈడ్చుకుంటూ వచ్చిన ముసలివారు, పసిపిల్లలు అక్కడికే చేరారు.

వరద తీసిన వెంటనే ఒక మాట బలంగా వినిపించింది. వాగులో ఇళ్లు కట్టుకుంటే మునగక ఏమవుతుందని. ఈ మాటలో ఉన్న అన్యాయం గురించే మేము ఇక్కడ రాయదలచుకున్నాం.

సింగ్‌నగర్‌లో ఉండేది ఎవరు? వన్‌టౌన్ హోల్‌సేల్ కొట్లలో బస్తాలు మోసే ముఠా కార్మికులు, తాపీ మేస్త్రీలు, రంగులు వేసేవారు, ఆటోనగర్ షెడ్లలో పనిచేసే మెకానిక్కులు, తెల్లవారుజామునే ఫ్లైఓవర్ దాటి నాలుగైదు ఇళ్లలో పాచిపని చేసి మధ్యాహ్నానికి తిరిగొచ్చే ఆడవాళ్లు, ఇంటి ముందు గదిలోనే కుట్టుమిషను పెట్టుకున్నవారు, తోపుడు బండి మీద టిఫిన్లు అమ్ముకునే దంపతులు, మామిడి కాలంలో నున్న మార్కెట్‌కు కూలికి వెళ్లేవారు. పల్లెల్లో పొలం పని కరవై వచ్చినవారూ వీరిలో ఉన్నారు, మూడు తరాలుగా నగరంలోనే ఉంటూ ఒక పేట నుంచి ఇంకో పేటకు నెట్టబడుతూ వచ్చినవారూ ఉన్నారు. బెజవాడ నడిచేది వీరి చేతుల మీదుగా, వీరి భుజాల మీదుగా. నగరం నిద్ర లేచేసరికి పాలు, కూరగాయలు, ఊడ్చిన వీధులు సిద్ధంగా ఉంటున్నాయంటే అందులో అధిక భాగం ఫ్లైఓవర్ అవతల నుంచి వచ్చిన పనే.

వీరంతా అక్కడికి తమంతట తాము వెళ్లారా అన్నది అసలు ప్రశ్న. వాంబే కాలనీ పేరులోనే జవాబు ఉంది. 2001లో కేంద్రం ప్రారంభించిన వాల్మీకి అంబేడ్కర్ ఆవాస్ యోజన కింద ప్రభుత్వం కట్టించి ఇచ్చిన ఇళ్లవి. కాలువ గట్ల మీద గుడిసెలు తీసేసి, అక్కడి పేదలను ప్రభుత్వమే తెచ్చి ఈ పల్లపు నేలల్లో దింపింది. కాలువ గట్టు ప్రమాదమని ఖాళీ చేయించి, వాగు పారే తావులో ఇల్లు చూపించారు. పట్టాలు, కరెంటు మీటర్లు ఇచ్చి, పన్నులు కూడా వసూలు చేసుకున్న తరువాత ఆ మనుషులనే ఆక్రమణదారులు అనడం సత్యం కాదు. కొత్త రాజరాజేశ్వరీపేటలో ఏళ్ల తరబడి రైల్వే స్థలమా, మరొకరిదా అన్న వివాదంలో చిక్కుకుని హక్కు పత్రం లేకుండా బతుకుతున్నవారి సంగతి ఇంకా వేరు. ఈ ప్రాంతంలో కమ్యూనిస్టు నాయకుడు మాకినేని బసవపున్నయ్య పేరిట స్టేడియం ఉండడం, ఇళ్ల స్థలాల కోసం ఎర్రజెండాల ఊరేగింపులు మామూలు దృశ్యం కావడం యాదృచ్ఛికం కాదు. ఇక్కడ ప్రతి కుళాయి వెనుక, ప్రతి రోడ్డు వెనుక అడిగి తెచ్చుకున్న చరిత్ర ఉంది.

ఇక బుడమేరు సంగతి. మైలవరం ప్రాంతపు కొండల్లో పుట్టి, విజయవాడ మీదుగా సాగి, కొల్లేరులో కలిసే వాగు అది. ఏడాదిలో ఎక్కువ కాలం మురుగు పారే కాలువలా కనిపిస్తుంది కనుకనే దాన్ని అందరూ తేలిగ్గా తీసుకున్నారు. వెలగలేరు దగ్గర గేట్లున్న రెగ్యులేటరు కట్టి, మళ్లింపు కాలువ ద్వారా వరదను ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపే ఏర్పాటు ఉంది. పోలవరం కుడి కాలువ నీరూ ఈ దారినే కృష్ణకు చేరుతుంది. అయితే కృష్ణ నిండుగా ఉన్నప్పుడు ఈ కాలువ నీటికి పోవడానికి తావుండదు. 2024లో జరిగింది అదే. సెప్టెంబరు 2న బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరి, పాత రికార్డులను దాటింది. అంతకు ముందే కొండపల్లి శాంతినగర్ ప్రాంతంలో మళ్లింపు కాలువ గట్టుకు మూడు గండ్లు పడ్డాయి. సైన్యం సాయంతో సెప్టెంబరు 7న మూడో గండిని పూడ్చేదాకా ఆ నీరు సింగ్‌నగర్ వైపు వస్తూనే ఉంది. కాలువ సామర్థ్యం చాలకపోవడం, గట్లు బలహీనంగా ఉండడం, నగరంలో రూ.461 కోట్ల కేంద్ర నిధులతో మొదలైన వాననీటి కాలువల పని ఆ వరద నాటికీ పూర్తికాకపోవడం సింగ్‌నగర్ వాసుల తప్పులు కావు. వాగు గర్భంలో కట్టిన నిర్మాణాలు లేవని మేము అనడం లేదు. వాటిని తొలగించాల్సిందే. అయితే ఆ తొలగింపు పేద ఇంటి దగ్గర మొదలై అక్కడే ఆగిపోకూడదు. ఇల్లు పోయేవారికి ముందు మెరక నేల చూపించి, ఆ తరువాతే పొక్లెయినర్ తేవాలి.

ఆ రోజుల్లో ఈ ప్రాంతపు స్వభావం బయటపడింది. పై అంతస్తు ఉన్నవారు కింది వాటాల కుటుంబాలను కులం, మతం చూడకుండా తమ గదుల్లోకి తీసుకున్నారు. ఒక గ్యాస్ బండ మీద పాతిక మందికి గంజి కాచారు. హెలికాప్టర్లు, డ్రోన్లు ఆహారం తెచ్చిన మాట నిజమే, పొరుగు జిల్లాల నుంచి వచ్చిన పారిశుద్ధ్య కార్మికులు, అగ్నిమాపక సిబ్బంది ఇంటింటి బురద కడిగిన మాటా నిజమే. ఆ సేవను మేము తక్కువ చేయడం లేదు. కానీ సాయం చేరని లోపలి సందుల్లో మనిషిని మనిషే కాపాడుకున్నాడు.

కింది అంతస్తు మునిగిన కుటుంబానికి రూ.25 వేలు, పై అంతస్తుల వారికి రూ.10 వేలు ప్రభుత్వం ప్రకటించింది. జాబితాలో పేరు లేక వార్డు సచివాలయాల ముందు వరుసల్లో నిలబడినవారిలో అద్దె ఇళ్లవారు తక్కువేమీ కాదు. వాయిదాల మీద కొన్న ఫ్రిజ్, కుట్టుమిషను, ఆటో ఇంజను నీళ్లలో పాడైతే వస్తువు పోతుంది గాని వాయిదా పోదు. ఒక రోజు పని మానితే ఒక రోజు తిండి తగ్గే ఇంట్లో ఆ దెబ్బ నీళ్లు తీసేసరికి తీరేది కాదు.

మా కోరిక పరిమితమైనది. మళ్లింపు కాలువ వెడల్పు, గట్ల పటిష్ఠత పనులు ఎంతవరకు వచ్చాయో ప్రతి వానకాలానికి ముందు కార్పొరేషన్, జలవనరుల శాఖ కలిసి సింగ్‌నగర్ ప్రజల ముందు, సింగ్‌నగర్‌లోనే చెప్పాలి. అద్దెకున్న కుటుంబాలను కూడా వీధివారీగా నమోదు చేసి ఉంచాలి. నగరం వైపు నీరు వదలడానికి వెలగలేరు గేట్లు ఎత్తుతున్నారన్న కబురు అధికారుల వాట్సాప్ గ్రూపులకు మాత్రమే పరిమితం కాకుండా, గుడి, మసీదు, చర్చి మైకుల ద్వారా వాంబే కాలనీ చివరి బ్లాకు దాకా వినిపించాలి. అర్ధరాత్రి అయినా సరే, మంచం మీద ఉన్న ముసలమ్మను పై అంతస్తుకు చేర్చేంత వ్యవధి ఉండగానే వినిపించాలి.