షీట్ తెరిచేవారే కానీ తూచేవారేరీ?

ఆదివారం ఉదయం చాలా పోలీస్ స్టేషన్ల ఆవరణల్లో రౌడీషీటర్లకు కౌన్సెలింగ్ జరుగుతుంది. పేర్లు పిలుస్తారు, హాజరు వేసుకుంటారు, బుద్ధిగా ఉండకపోతే ఊరుకోమని సీఐ నాలుగు మాటలు చెప్పి పంపేస్తారు. ఆ వరుసలో నిన్నమొన్నటి దాకా కత్తి తిప్పినవాడు ఉంటాడు. కాలేజీ రోజుల నాటి కొట్లాట కేసు తప్ప మరే మచ్చా లేక, ఇప్పుడు కూతురికి సంబంధాలు చూసుకుంటున్న నడివయస్కుడూ ఉండవచ్చు. ఇద్దరికీ ఒకటే పిలుపు, ఒకటే హెచ్చరిక. నేరస్థులపై నిఘా అంటూ మన పోలీసు శాఖ పోగేస్తున్న సమాచారానికి కొదవ లేదు. లేనిదల్లా దాన్ని తూచే అలవాటే.

బీట్ కానిస్టేబుల్ చెవిన పడిన మాట, ఇన్‌ఫార్మర్ మోసుకొచ్చిన కబురు, స్పెషల్ బ్రాంచి నివేదిక, సీసీ కెమెరా దృశ్యం, కాల్ డేటా... ఇవన్నీ ముడిసరుకు మాత్రమే. పాత పగతో పేరు చెప్పే ఇన్‌ఫార్మర్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. అందుకే బ్రిటన్ పోలీసులు సమాచారం ఇచ్చిన మనిషిని ఎంతవరకు నమ్మవచ్చో ఒక మార్కు, అతడు చెప్పిన మాటను ఎంతవరకు నమ్మవచ్చో విడిగా మరో మార్కు వేస్తారు. నమ్మకస్తుడు చెప్పేది గాలి కబురు కావచ్చు, అబద్ధాలకోరు కళ్లారా చూసిందే చెప్పవచ్చు. ఆ సంగతిని ఇంకెవరెవరికి చేరవేయవచ్చో కూడా ఆ ఫారంలోనే రాస్తారు. దీనికి కోట్లు పోసి కంప్యూటర్లు కొననక్కర్లేదు, ఫారం నింపే ఓపిక ఉంటే చాలు.

మనకు నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. అనుమానితులపై తెరిచిన షీట్లను ఏటా డిసెంబరు నెలాఖరుకు గెజిటెడ్ అధికారి చూసి, కొనసాగించాలో మూసేయాలో తేల్చాలని ఉమ్మడి రాష్ట్రం నాటి పోలీస్ స్టాండింగ్ ఆర్డర్లే చెబుతున్నాయి. తెరవడంలో ఉన్న చురుకు మూయడంలో కనిపించదు. తన పేరు తీయించుకోవడానికి హైకోర్టు మెట్లెక్కాల్సి రావడం రెండు రాష్ట్రాల్లోనూ కొత్త సంగతి కాదు.

ఈ జబ్బు పాతదే. బందిపోటు కేసులో ఆధారాల్లేక 1941లో విడుదలైన ఉత్తరప్రదేశ్ వాసి ఖరక్‌సింగ్‌పై పోలీసులు హిస్టరీషీట్ (అనుమానితుడి నేరచరిత్ర రాసిపెట్టుకునే పత్రం) తెరిచారు. కేసు పోయినా షీట్ మిగిలింది. అర్ధరాత్రి తలుపు తట్టి నిద్ర లేపేవారు. ఆ రాత్రి తనిఖీలు చెల్లవని సుప్రీంకోర్టు 1962 డిసెంబరులో తేల్చింది. అదే కోర్టు 2024 మే 7న, ఢిల్లీకి చెందిన ఒక కేసులో, హిస్టరీషీట్ పోలీసుల అంతర్గత పత్రమే తప్ప బహిరంగపరిచేది కాదని స్పష్టం చేసింది. ఉన్నతాధికారి ఎప్పటికప్పుడు వాటిని ఆడిట్ చేయాలంది. వెనుకబడిన వర్గాల అమాయకుల పేర్లు యాంత్రికంగా ఎక్కకుండా అన్ని రాష్ట్రాలూ తమ విధానాలను సరిచూసుకోవాలంది. మన దగ్గర కౌన్సెలింగ్ ఫొటోలను పోలీసులే పత్రికలకు పంపుతున్నారు. అంతర్గత పత్రమంటే ఇదేనా?

తూకం తప్పితే నష్టపోయేది షీటర్లు మాత్రమే కాదు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలాక, ముందే హెచ్చరికలు పంపామని అప్పటి కేంద్ర హోంమంత్రి షిండే చెప్పారు. అవి సాధారణ హెచ్చరికలేనన్న వివరణ వెంటే వచ్చింది. తరచూ 'అప్రమత్తం' అంటూ వచ్చే కాగితం ఏ స్టేషన్‌నూ అప్రమత్తం చేయదు. 2007 నాటి మక్కా మసీదు పేలుడులో తప్పు మరోవైపు జరిగింది. అనుమానంతో మొదట పట్టుకున్న యువకులపై మోపిన కేసులు కోర్టుల్లో నిలవలేదు. తర్వాత జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్ఐఏ) విచారణకు నిలబెట్టిన అయిదుగురూ 2018 ఏప్రిల్‌లో నిర్దోషులుగా బయటపడ్డారు.

ఇక తెలంగాణ ఫోన్ ట్యాపింగ్ కేసు. మావోయిస్టుల కదలికలు కనిపెట్టాల్సిన స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరోలో ప్రతిపక్ష నేతల ఫోన్లు విన్నారని, ప్రభుత్వం మారగానే హార్డ్‌డిస్కులు ధ్వంసం చేశారని 2024 మార్చిలో కేసు నమోదైంది. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. అయితే ట్యాపింగ్‌కు హోంశాఖ కార్యదర్శి అనుమతి కావాలి, ఆ ఉత్తర్వును ప్రధాన కార్యదర్శి నేతృత్వంలోని కమిటీ సమీక్షించాలి. మావోయిస్టు సానుభూతిపరులంటూ ఇతరుల నంబర్లు జాబితాలో చేర్చారన్న ఆరోపణే నిజమైతే, ఇన్ని గడపలు దాటేలోగా 'ఈ నంబరు ఎవరిది?' అని అడిగిన అధికారి ఒక్కరూ లేరన్నమాట.

మా సూచన చిన్నది. ఈ డిసెంబరు సమీక్ష తర్వాత ఒక్కో స్టేషన్‌లో షీట్లు ఎన్ని ఉన్నాయి, ఎన్ని మూశారు, మిగిలినవాటిలో ఎన్ని గత అయిదేళ్లలో కొత్త కేసేదీ లేకుండానే కొనసాగుతున్నాయన్నది పేర్లు లేకుండా రెండు ప్రభుత్వాలూ బయటపెట్టాలి. కొనసాగించే ప్రతి షీట్‌లోనూ కారణాన్ని డీఎస్పీ సొంత చేతిరాతతో రాయాలి. రబ్బరు స్టాంపు చాలదు.