చావులు జనవరిలో, నిషేధం ఏప్రిల్‌లో

కాకినాడ తీరానికి చచ్చి కొట్టుకొస్తున్న ఆలివ్ రిడ్లే తాబేళ్ల గురించి మీ కథనంలో బాగా రాశారు. ఉప్పాడ ఒడ్డున నేనూ ఒకదాన్ని చూశాను. మెడ ఉబ్బి, కళ్లు బయటికొచ్చి ఉన్నాయి, డిప్ప మీద మాత్రం ఒక్క గీత లేదు. బోటు వెనక ఈడ్చుకెళ్లే ట్రాల్ వలలో ఇరుక్కుంటే గాలి కోసం పైకి రాలేక చచ్చిపోతాయి, ఇది ఏళ్లుగా తెలిసిందే. మన చేపల వేట నిషేధమేమో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. అప్పటికి తాబేళ్లు గుడ్లు పెట్టడం చాలావరకు అయిపోతుంది! ఒడిశాలో రుషికుల్య, దేవి, ధమ్రా నదీముఖాల దగ్గర నవంబరు 1 నుంచి మే 31 వరకు 20 కిలోమీటర్ల లోపు వేట ఆపుతారు. తాబేళ్లు గుమిగూడే చోటు చూసి గీసిన గీత అది. మన దగ్గర కూడా జనవరి నుంచే, గూళ్లు ఎక్కువున్న చోట్ల వరకైనా ట్రాలర్లను ఆపండి. ఆ రోజులకు బోటు కూలీలకు భృతి ఇవ్వండి.