కాళ్ళు కూడా ఉబ్బాయి కదండీ!

ఇటలీ చిత్రకారుడు కరవాజ్జో గీసిన ‘మరియమాత మరణం’ ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. అందులో ఆ తల్లి పొట్ట ఉబ్బి ఉంటుంది. అది దైవానుగ్రహం నిండిందనడానికి ప్రతీకట! వివరణలిచ్చే పెద్దలు చెబుతున్నారు, చేతులు కట్టుకుని వినాలి. మరి కాళ్ళు కూడా ఉబ్బాయి కదండీ అంటారా? అనుగ్రహం కాస్త కిందికి దిగి ఉంటుంది.

ముందు భాగంలో ఓ రాగి బేసిన్ ఉంది. దానికీ ఓ ప్రతీక తగిలించారు, పవిత్రతట. శవానికి నీళ్ళు పోయాలంటే గిన్నె కావాలన్న సంగతి పండితుల స్థాయికి తగదు.

1601లో లేర్జియో కెరుబీని అనే లాయరు ఈ బొమ్మను రోములోని సాంటా మరియా డెల్లా స్కాలా చర్చి కోసం పురమాయించాడు. తీరా వచ్చాక అక్కడి కార్మెలైట్ సన్యాసులు వద్దన్నారు. ఆ మీటింగు నా కళ్ళకు కడుతోంది. ‘దేవదూతలేరీ?’ అని ఒకాయన. ‘మబ్బులు కూడా లేవే’ అని ఇంకొకాయన. ‘పరలోకానికి వెళ్ళాల్సినావిడ మంచం మీదే ఉండిపోయిందేమిటి?’ అని పెద్దాయన. ‘ముందా కాళ్ళమీద దుప్పటి కప్పించండి, చూడలేకపోతున్నాం’ అని మూలనుంచి ఓ గొంతు. ఇంతా చేసి వీళ్ళు చెప్పులు వదిలేసిన శాఖవాళ్ళు! అందరూ ఓసారి తమ బొటనవేళ్ళకేసి చూసుకుని, ఏకగ్రీవంగా తీర్మానం చేసుంటారు. తర్వాత సరచేని అనే చిత్రకారుడి చేత ఇంకోటి వేయించి, అదీ బాగాలేదని, బొమ్మలోకి దేవదూతల్ని దింపించాకే ఊరుకున్నారు.

కరవాజ్జో మరియమాతకు మోడల్‌గా కూర్చున్నది వేశ్య అని అప్పట్లోనే గుసగుసలు. కూర్చుంటే? రూబెన్స్ అనే చిత్రకారుడి మాట మీద ఇటలీలోని మాంటువా డ్యూక్ ఆ బొమ్మను కొనుక్కున్నాడు. 1607లో తీసుకెళ్ళేముందు రోములో ఓ వారం అందరికీ చూపించారు కూడా.

అసలు కంటితో చూడండయ్యా! ఎడమపక్కనుంచి వెలుగు అపొస్తలుల బట్టతలల మీదుగా జారి ఆమె ముఖం మీద పడుతుంది. పైన ఎర్రతెర, చీకటి. ఎగిరిపోవడానికి దారే లేదు. కింద ఏసు శిష్యురాలు మగ్దలేనే మరియ ముఖం చేతుల్లో దాచుకుని, నడుం విరిగినట్టు వంగిపోయింది. ఆ ఏడుపు దేనికి ప్రతీక అని అడిగే నోటితో అన్నం ఎలా తింటారు? మీ ఇళ్ళలో ఎవరూ పోలేదా? ఆవిడ చచ్చిపోయింది. చెయ్యి పక్కకు వేలాడుతోంది. ముందు కాస్త సిగ్గుపడండి, ప్రతీకలు తర్వాత వెతుక్కుందురు గాని.