పన్నెండు వందల గ్రాముల పొయ్యి: ఒక సమర్థన

వీపున మోసుకెళ్ళే కట్టెల పొయ్యి గురించి మన తెలుగు సమాజంలో జరగాల్సినంత చర్చ జరగలేదు. గ్రీన్‌కార్డు క్యూ మీద, అసోసియేషన్ ఎన్నికల మీద గంటలు గంటలు మాట్లాడే మినియాపోలిస్ తెలుగువాళ్ళు కూడా, మైనస్ 20 డిగ్రీల చలిలో గుడారంలో వెలిగించుకునే పొయ్యి ఏ లోహంతో చేసి ఉండాలన్న మాట రాగానే బిర్యానీ ప్లేటు పట్టుకుని పక్క గదిలోకి వెళ్ళిపోతున్నారు. కొందరైతే "అసలు ఆ చలిలో అడవికి ఎందుకండీ?" అని ముఖం మీదే అడిగేస్తున్నారు. ఆ ప్రశ్న ఈ వ్యాసం పరిధిలోకి రాదు.

మిన్నెసోటా ఉత్తరాన, కెనడా సరిహద్దు పొడుగునా బౌండరీ వాటర్స్ అని ఒక అరణ్యం ఉంది. పది లక్షల ఎకరాలు దాటిన అడవి, వెయ్యికి పైగా సరస్సులు. వేసవిలో జనం పడవలేసుకుని వస్తారు. చలికాలం సరస్సులన్నీ గడ్డకట్టి వాటంతటవే రోడ్లవుతాయి. మంచు మీద నడిచే మోటారు బండి, స్నోమొబైల్, మీద వెళ్దామంటే కుదరదు. నడవాలి, లేదా స్కీలు తొడుక్కోవాలి, లేదా కుక్కల చేత బండి లాగించుకోవాలి. ఆ పక్కనే టవర్ అనే ఊళ్ళో 1996 ఫిబ్రవరి 2న మైనస్ 51 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. రాష్ట్రంలో ఇప్పటికీ అదే రికార్డు. ఇలాంటి చోట సెలవు గడపాలనుకునే మనిషికి రెండు దారులు. ఒకటి, సాయంత్రం అయిదింటికే స్లీపింగ్ బ్యాగ్‌లో దూరి పొద్దున ఎనిమిది దాకా చీకట్లో పడుకోవడం. రెండోది హాట్ టెంట్: గుడారం గుడ్డలో వేడికి కాలని ముక్క ఒకటి కుట్టి, దానికి కన్నం పెట్టి, ఆ కన్నంలోంచి పొగగొట్టం బయటికి పంపి, లోపల పొయ్యి రాజేసుకోవడం. ఆ ముక్కని స్టవ్ జాక్ అంటారు.

గ్యాస్ పొయ్యి పట్టుకెళ్ళొచ్చు కదా అనేవాళ్ళకి ఒక్క మాట. సిలిండర్‌లో ఉండే బ్యూటేన్ సున్నాకి అర డిగ్రీ కిందికి పోతే ఆవిరి కాదు. ఐసోబ్యూటేన్ మైనస్ 12 దగ్గర చేతులెత్తేస్తుంది. ముందు ఆ సిలిండర్‌ని కోటులో పెట్టుకుని మీరు వెచ్చబెట్టాలి. పైగా దాంతో గుడారం వేడి చేసుకోవాలనుకోవడం ప్రాణాలతో ఆట.

కాబట్టి కట్టెల పొయ్యే. ఏ పొయ్యి అన్న దగ్గర మా బావగారి పాత్ర మొదలవుతుంది.

బావగారు అల్ట్రాలైట్ సిద్ధాంతానికి చెందిన మనిషి. తిండి, నీళ్ళు, ఇంధనం తీసేస్తే వీపు మీద సామాను పది పౌన్లకి, అంటే నాలుగున్నర కిలోలకి మించకూడదని ఆ శాఖ వారి నియమం. దానికోసం టూత్‌బ్రష్ కాడ సగానికి కోస్తారు, చొక్కా కాలర్ లోపలి లేబుళ్ళు కత్తిరిస్తారు. అక్క ఇడ్లీ రవ్వ తూచుకునే డిజిటల్ కాటా ఇప్పుడు గరాజ్‌లో ఉంది, మళ్ళీ వంటింటి ముఖం చూడలేదు. అక్క ఒకసారి ఆయన నడుము వైపు చూసి ఏదో అనబోయింది గానీ, చర్చ పక్కదారి పడుతుందని మేమే ఆపేశాం. కాటా ఎక్కనిది బరువు కాదు. ఇది మూలసూత్రం. మిగతాదంతా దీనికి వ్యాఖ్యానమే.

ఉక్కు రేకుతో చేసిన గుడారం పొయ్యి గొట్టంతో కలిపి ఎనిమిది, పది కిలోలు తూగుతుంది. టైటానియం పొయ్యి కిలో, కిలోన్నర. టైటానియం సాంద్రత ఉక్కులో సుమారు అరవై శాతమే. మిగతా తేడా అంతా పల్చదనంలోంచి వచ్చింది, అంటే పొయ్యిలో పొయ్యి తగ్గిస్తూ పోవడం వల్ల వచ్చింది. బావగారు ఎంచుకున్నది పన్నెండు వందల గ్రాములది. ధర చెప్పను, అక్క ఈ పత్రిక చదువుతుంది.

ఈ ఇంజనీరింగ్‌కి పరాకాష్ఠ పొగగొట్టం. అది గొట్టంలా రాదు, చుట్ట చుట్టిన టైటానియం రేకులా వస్తుంది. మందం మిల్లీమీటరులో పదో వంతు, ప్రింటర్‌లో పెట్టుకునే కాగితమంత. పొడవు రెండు మీటర్లు దాటుతుంది. ఆ చుట్ట విప్పి, అడ్డంగా మళ్ళీ చుట్టి, సన్నటి పొడుగాటి గొట్టం చేసి, దానికి అడుగడుగునా వైరు రింగులు తొడగాలి. ఒక్కసారి మంట పెడితే రేకు ఆ ఆకారానికి అలవాటు పడుతుంది, తర్వాత నుంచి చెప్పినట్టు వింటుంది. అలవాటు పడేదాకా మాత్రం దాని ఇష్టం దానిది.

ఈ మొదటి చుట్టుడు హాల్లో సోఫా జరిపి చేశాం. రేకు అంచులు చేతులు కోస్తాయి గనక ఇద్దరికీ తోలు గ్లవుజులు. బావగారు ఆ చివర, నేను ఈ చివర, మోకాళ్ళ మీద. ఆయన వైపు రింగు తొడిగేసరికి నా వైపు విచ్చుకుంటుంది. నా వైపు బిగిస్తే మధ్యలో ఉబ్బుతుంది.

"వదలకు, వదలకు! నువ్వు వదిలావంటే మొత్తం పోతుంది."

"నేను వదల్లేదు బావగారూ, అదే వదిలింది."

రింగు ఒకటి టీవీ కిందికి దొర్లిపోయింది. దాన్ని అందుకోవడానికి ఎవరో ఒకరు చెయ్యి తీయాలి. ఎవరూ తీయలేని పరిస్థితిలో అక్కని పిలిచాం. ఆవిడ ఆ రింగు కాలితో ఇటు తోసి, "భోజనానికి ఎవరైనా వస్తారా?" అని అడిగి వెళ్ళిపోయింది. చివరికి పెరట్లో మంట పెట్టాక గొట్టం దారికొచ్చింది. వేడికి టైటానియం మీద ఆక్సైడ్ పొర ఏర్పడి, ఆ పొర మందాన్ని బట్టి ముందు బంగారు రంగు, తర్వాత ఊదా, ఆ తర్వాత నెమలికంఠం రంగు తిరిగింది. అక్క మొదటిసారి ఆసక్తిగా దగ్గరికొచ్చి, ఈ రంగులో పట్టుచీర ఎంత ఉంటుందో లెక్కచెప్పింది. పొయ్యి కన్నా తక్కువే.

ఇక అడవిలో. పొయ్యి పొడవు అడుగు కూడా ఉండదు కాబట్టి ప్రతి కట్టెనీ ఆ కొలతకి కోయాలి. అగ్గిపుల్లంత చిదుగులు, పెన్సిలంత పుల్లలు, బొటనవేలంతవి, మణికట్టంతవి, ఇలా వరసగా పేర్చుకుంటే గానీ మంట నిలబడదు. ఇలాంటి పొయ్యి గంటకి కిలో, కిలోన్నర కట్టె తింటుంది. పచ్చని చెట్టు మీద చెయ్యి వేయకూడదు, అది చట్టం. ఎండుకట్టె మోకాలి లోతు మంచు కింద ఉంటుంది, అది ప్రకృతి. మంచు తవ్వి, కట్టె తీసి, మంచు దులిపి, రంపంతో కోసి, చిన్న గొడ్డలితో చీల్చి, చంకలో మోపు పెట్టుకుని గుడారానికి చేరేసరికి చీకటి పడుతుంది. రంపం, గొడ్డలి కలిపితే కిలో పైన. అవి పొయ్యి బరువులోకి రావా అని అడిగాను. అవి "పనిముట్లు" అనే వేరే పద్దు కిందికి వస్తాయట. మరి నేను మోసిన కట్టెలు? అవి అడవివి.

నిజం చెప్పాలంటే చీకటి పడటానికి ముందు చేసే ఈ పని బాగుంటుంది. ఒళ్ళు వేడెక్కుతుంది, ఆకలేస్తుంది. పొయ్యి లేకుండా కట్టెలు కొట్టడానికి మాత్రమే వెళ్ళినా దాదాపు ఇదే ఫలితం వస్తుందని నా అనుమానం. బావగారితో అనలేదు.

పొయ్యిని తిన్నగా మంచు మీద పెడితే అది కాగేకొద్దీ కింద మంచు కరిగి మెల్లగా దిగబడిపోతుంది. అందుకని కింద రెండు దుంగలు వేయాలి. ఆ తర్వాత బర్చ్ చెట్టు బెరడు ముక్క ఒకటి అంటిస్తే చాలు. ఆ బెరడులో నూనె ఉంటుంది, తడిగా ఉన్నా మండుతుంది. పది నిమిషాల్లో గొట్టం అడుగుభాగం ఎర్రగా కాగుతుంది, కోట్లు ఊడతాయి, బావగారు బనీను మీదికి వచ్చేస్తారు. గుడారం గోపురంలా కోసుగా ఉంటుంది గనక వేడంతా పైకి పోతుంది. నిలబడితే తల దగ్గర రాజమండ్రి ఏప్రిల్, కాళ్ళ దగ్గర నీళ్ళ సీసా గడ్డకట్టి ఉంటుంది.

విమర్శకులు ఎత్తిచూపేది రాత్రిని. పల్చటి లోహం ఎంత త్వరగా కాగుతుందో అంత త్వరగా చల్లారుతుంది. పొయ్యి కడుపు చిన్నది, అరగంటకో ముప్పావుగంటకో అడుగుతూనే ఉంటుంది. నిప్పు ఆరిన పావుగంటకి లోపలి చలి, బయటి చలి ఒకటే. అందుకే పొయ్యి ఉన్నా సరే, అది లేనట్టే లెక్కేసి ఆ చలికి సరిపడే స్లీపింగ్ బ్యాగ్ పూర్తిగా మోసుకెళ్ళాలని తెలిసినవాళ్ళు చెబుతారు. అంటే పొయ్యి తెచ్చినందుకు సామానులో తగ్గింది ఏమీ లేదు. దీన్ని బట్టి పొయ్యి అనవసరమని తొందరపడి తేల్చేయకూడదు. అంత తేలికైన పొయ్యి అనవసరం అవడానికి దానికి కొంచెం బరువైనా ఉండాలి కదా.

అర్ధరాత్రి దాటాక మంట ఆరిపోయినప్పుడు ఎవరు లేవాలన్నది తేలని సమస్య. బావగారు నిద్రలో గురక పెడతారు, మెలకువ వస్తే ఆగిపోతుంది. ఒక జామున గురక ఆగింది. ఆయనకి మెలకువ వచ్చిందని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకి తెలుసు. నేను కదల్లేదు. కాసేపటికి గురక మళ్ళీ మొదలైంది, ఈసారి తాళం తప్పకుండా, చాలా శ్రద్ధగా.

నిప్పురవ్వల విషయంలోనూ తప్పుడు ప్రచారం జరుగుతోంది. టైటానియం 1668 డిగ్రీల దగ్గర గానీ కరగదు. గుడారం నైలాన్ అయితే 220, 260 డిగ్రీల మధ్యే కరిగిపోతుంది. కాబట్టి ఎంత మంట పెట్టినా పొయ్యి కరగదు, ఇల్లు కరుగుతుంది. గొట్టం చివర జల్లెడ పెట్టినా ఒకటీ అరా రవ్వలు తప్పించుకుని పైకప్పు మీద పడతాయి. ఆరుబయట మంచం వేసుకోకపోయినా పైన చుక్కలు కనిపించేది ఇలాగే. నూలు కాన్వాస్ గుడారం రవ్వలకి బాగా ఓర్చుకుంటుంది, ఊపిరి కూడా తీసుకుంటుంది. కానీ అది కాటా ఎక్కుతుంది.

చరిత్ర చూసుకున్నా మనది కొత్త పిచ్చి కాదు. హెన్రీ హాప్కిన్స్ సిబ్లీ అనే అమెరికన్ సైనికాధికారి మైదాన ప్రాంతపు ఆదివాసుల సంప్రదాయ గుడారాలు, టీపీలు, చూసి అలాంటి కోసు గుడారానికి 1856లో పేటెంట్ తీసుకున్నాడు. అందులోకి ఇనప రేకుతో, అడుగు లేని గరాటు లాంటి పొయ్యి. గుడారానికి ఐదు డాలర్ల చొప్పున ఇస్తామని సైన్యం ఒప్పుకుంది. 1861లో అంతర్యుద్ధం వచ్చేసరికి ఆయన దక్షిణాది పక్షాన చేరాడు, ఉత్తరాది సైన్యం ఆ గుడారాలు వేల సంఖ్యలో వాడుకుంటూనే డబ్బులు ఆపేసింది. గుడారంలో పొయ్యి వల్ల ఆర్థికంగా నష్టపోవడానికి ఈ దేశంలో అంత పాత సంప్రదాయం ఉంది. తరతరాలుగా టీపీల్లో నెగడు వేసుకున్నవాళ్ళకి ఐదు డాలర్ల ప్రస్తావనే రాలేదు.

ఒక్క విషయంలో మాత్రం బావగారితో నేను ఏకీభవించను. ఆయన జాబితాలో కార్బన్ మోనాక్సైడ్ అలారం "అనవసరం" కింద ఉంది. వంద, నూటయాభై గ్రాములని. ఆ వాయువుకి రంగు లేదు, వాసన లేదు, రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మంట ఎక్కువసేపు ఉండాలని గాలిని అదుపు చేసే డ్యాంపర్ రేకు పూర్తిగా మూసి కట్టెని పొగలో మగ్గబెట్టడం, గాలి రాకుండా గుడారం అంచులన్నీ మంచుతో పూడ్చడం, రెండూ కలిస్తే పొద్దున ఎవరూ లేవరు. అలారం నేను నా జేబులో తెచ్చాను, చలికి చచ్చిపోని లిథియం సెల్స్ వేసి. జేబు కాటా ఎక్కదు.

పొయ్యి వల్ల నిజంగా ఒరిగేది ఒకటుంది: ఆరబెట్టుకోవడం. రోజంతా పట్టిన చెమట, రాత్రంతా స్లీపింగ్ బ్యాగ్‌లోకి పోయిన ఊపిరి తేమ అన్నీ గడ్డకట్టి రోజురోజుకీ బరువెక్కుతాయి. రెండు మూడు రాత్రులకి మించి ఉండేవాళ్ళకి పొడి మేజోళ్ళ విలువ తెలుస్తుంది. దానికోసమైతే పొయ్యి ఎంచుకునే పద్ధతి సులభం. కొలరాడోలో ఎల్క్ అనే పెద్ద జింకల వేటకని కొండలెక్కేవాళ్ళు అంతా వీపునే మోయాలి గనక టైటానియం కొంటే అర్థముంది. వంట ముఖ్యమైతే పైన గిన్నె నిలిచే పెట్టె ఆకారం, బరువు ముఖ్యమైతే గుండ్రటి గొట్టం ఆకారం.

బౌండరీ వాటర్స్‌లో మాత్రం దారి అంతా బల్లపరుపు మంచు. నాలుగు అంగుళాల మందం ఉంటే మనిషి నడవచ్చని రాష్ట్ర సహజ వనరుల శాఖ చెబుతుంది. జనవరికి అంతకన్నా చాలా ఎక్కువే ఉంటుంది. దాని మీద ప్లాస్టిక్ స్లెడ్, అంటే మంచు మీద జారే చక్రాల్లేని బండి, కట్టి లాగితే పది కిలోల ఉక్కు పొయ్యి ఉందో లేదో తెలియదు. అలాగే లాక్కొచ్చిన ముసలి దంపతులు మా పక్క ఒడ్డున దిగారు, ట్రౌట్ చేపల కోసం. లావుపాటి దుంగలు నాలుగు పడేసి పడుకున్నారు. తెల్లవారుజామున కూడా వాళ్ళ గొట్టంలోంచి సన్నగా పొగ వస్తూనే ఉంది. బావగారు ఒడ్డున నిలబడి ఆ పొగని చాలాసేపు చూశారు.

వచ్చాక ఆయన తీవ్రంగా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చారు. మనకీ స్లెడ్ కావాలి, కానీ మార్కెట్లో ఉన్నవన్నీ బరువెక్కువ. ఇప్పుడు గరాజ్‌లో స్లెడ్ అడుగున డ్రిల్‌తో వరసగా కన్నాలు వేస్తున్నారు. ఒక్కో కన్నానికి ఎంత తగ్గిందో తూచి నోట్‌బుక్‌లో రాస్తున్నారు. కన్నాల్లోంచి మంచు లోపలికి వచ్చి పేరుకోదా అని అడిగాను. ఆ మంచు ఇంట్లో తూచేటప్పుడు ఉండదు కదా అన్నారు.